మళ్లొస్త

ఎనుమాముల మార్కెట్ గేటుకు ఎదురుంగ
మా మెడికల్ షాపుల, గల్లాపెట్టె పక్కన
ఒక ఇనుప సూది.
చూసినోళ్లు బాకీ చీటీలనుకుంటరు.
కాదు.
"మళ్లొస్త బిడ్డా, జెర ఉంచు" అని
కౌంటర్ మీద ఇడిసిపోయిన మందుల చీటీలు.

పదకొండేండ్ల సంది ఇక్కడ నిలవడుతున్న.
పైసల్లేకనే కొనలేదని
అందరి తీర్గనే నేనూ అనుకున్న.
ఒక ఉగాది ముందట షాపు దులుపుతుంటె
బరువుకు సూది కొన వంగింది.
ఒక్కొక్క చీటి తీసి సదివిన.
డాక్టర్ రాత నాకు సమజైతది.
అండ్ల రాయనిదే సమజు కాలే.
అప్పటిసంది అడుగుడు మొదలువెట్టిన.

హమాలి ఓదెలు నవ్విండు:
"నొప్పే లేదక్కా నాకు.
నొప్పి లేని రోగానికి
నెలనెలా కిరాయి కట్టుడేంది?"

ఖాజాబీ చీటిల 'తిన్నంక' అని ఉన్నది.
ఆమె పొద్దుగాల తినదు.
తినలే గనుక ఏసుకోలే.
డాక్టర్ మాట ఒక్కనాడు జవదాటలే పాపం.

మొగిలయ్య, లసుమవ్వ
ఒక్కటే పట్టీ కొని, ఒక్కో గోలీ సగం సగం ఇరుసుకున్నరు.
లగ్గమైనకాంచి బెల్లం ముక్కైనా, బీడీ కట్టైనా
వాళ్లింట్ల అదే లెక్క.

ఒక పిలగాడు, పేరు చెప్ప,
నాలుగుసార్లు బండి ఆపిండు.
లోపల మనుషులుంటె ముందుకే పోయిండు.
నిద్రవట్టని మనసుకు రాసిన మందులవి.
మొదటిసారి వచ్చిననాడు
ఆ మందు పేరు గట్టిగ సదివి షాపంత ఇనవెట్టింది
నేనే.

ఇగ సారమ్మ.
యార్డుల తాలు మిర్చి ఏరుతది.
ఉబ్బిన కాళ్లకు మూడు మందులు రాస్తె
రెండే కొంటది, నీళ్లు పోయే గోలీ ఒద్దంటది.
మూడుసార్లు అడిగిన.
నాలుగోసారి కౌంటర్ మీదికి వంగి, చెవుల:
"అది ఏసుకుంటె గంటగంటకు పోవాలె బిడ్డా.
అన్నీ కారం చేతులు.
ఆడోళ్ల బాత్రూంకు తాళం.
ఎక్కడ కూసోవాలె నేను?"

ఏ కాలేజీల చెప్పలే నాకీ పాఠం.

డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేసిన.
ఓపీ నడుస్తుంటె విసుక్కున్నడు.
ఇన్నంక కొద్దిసేపు మాట లేదు.
"మూడింటికి ఇల్లు చేరినంక ఏసుకోమను.
నేను అడగనే లేదమ్మా."

ఇప్పుడు నా దగ్గర కత్తెర ఉంటది.
"మొత్తం ఇయ్యాల్నా?" అని అడుగ,
"ఇయ్యాల చేతిల ఎంతున్నది?" అంట.
తేదీ అచ్చైన ముక్క కత్తిరించి వాళ్లకే ఇస్త.
"మిగిలింది ఎవనికి అమ్మాలె?" అని సేటు గులుగుతడు.
నా జీతంల పట్టుకోమంట. ఇంకా పట్టలే.

కంపెనీ మారి తెల్ల గోలీ గులాబైతె
ముందే చెప్పిస్త, లేకుంటె కొత్త రోగమని పారేస్తరు.
పిలగానికి మూసిన కవరు, మాట లేకుండ.
మిగిలినోళ్లకు కవరు మీద
సూర్యుడు, చందమామ గీస్త.
ఓదెలుకు నా సూర్యుడు పనికిరాలే,
రాత్రంత లారీలు దించి పగలు పంటడు.
ఆయన కవరు మీద బస్తా గీసిన:
మొదటి బస్తా ఎత్తకముందు ఒకటి.
"నా బస్తా గింత సిన్నగుంటదా" అన్నడు, ఏసుకుంటున్నడు.

సారమ్మ తొమ్మిది దినాలు ఏసుకున్నది.
కాళ్లు తగ్గినయి, కడియం లూజైందని చూపెట్టింది.
పదోనాడు సీజన్ పెరిగి
యార్డుల పని రాత్రి ఎనిమిదిదాక సాగింది.
మూడు గంటలకు ఇల్లు లేదు.
చీటి మళ్ల సూది మీదికొచ్చింది.

బాత్రూం తాళంచెవి దడువాయి జేబుల ఉంటదట.
సోమారం గంట కొట్టకముందే
పోయి అడగాలె.